పురందర్ అంజూర దారి

మన దేశంలో అంజూర తోటలు చూడాలంటే మొదట వెళ్ళవలసింది పుణె జిల్లా పురందర్ తాలూకాకు. పుణె నుంచి హడప్సర్ దాటి దివే ఘాట్ ఎక్కితే దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలో సాస్వడ్ పట్టణం వస్తుంది. ఘాట్ మలుపుల్లో కిందికి చూస్తే మస్తానీ చెరువు కనిపిస్తుంది. ఆషాఢ ఏకాదశికి పండరిపురం చేరవలసిన జ్ఞానేశ్వరుడి పాలకీ ఏటా ఈ ఘాట్ మీదుగానే సాగుతుంది. పైకి చేరేసరికి నేల తీరు మారిపోతుంది. సహ్యాద్రి కొండలు మేఘాలను పడమటనే ఆపేస్తాయి కనుక ఈ పీఠభూమి మీద పడే వాన తక్కువ. నల్లరేగడి పల్చగా ఉంటుంది, దాని అడుగున మెత్తని మొరం, అక్కడక్కడ సున్నపు గడ్డలు. వరికి, చెరుకుకు ఇది అంత అనుకూలం కాదు. అంజూరకూ సీతాఫలానికీ మాత్రం సరిగ్గా సరిపోయింది. నీరు వేరు దగ్గర నిలవకుండా దిగిపోవడం, గాలిలో తేమ తక్కువగా ఉండడం, సున్నం అందుబాటులో ఉండడం అంజూరకు కావలసిన మూడు సంగతులు. పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2024లో ఇక్కడి రైతు ఉత్పత్తిదారుల కంపెనీ అంజూర రసాన్ని పోలండ్‌కు పంపింది.

రోడ్డు పక్కన తోటలు దూరం నుంచి చూస్తే పొదల్లా ఉంటాయి. చెట్టును మనిషి చేతికి అందే ఎత్తులోనే ఉంచుతారు. ఐదు మీటర్లకు ఒకటి చొప్పున నాటితే ఎకరానికి నూట అరవై మొక్కలు పడతాయి. కొమ్మ ముక్క నాటినా, గూటీ అంటు కట్టినా మొక్క సులువుగా వేరుపోస్తుంది. ఆకులు పెద్దవి, వేళ్ళు చాచిన అరచెయ్యిలా చీలి ఉంటాయి, పైభాగం గరుకు. ఆకు తెంపినా, పచ్చికాయ తుంచినా తెల్లటి పాలు కారతాయి. ఆ పాలలో ఫిసిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. చర్మానికి తగిలితే మంట, దురద. అందుకే కోతకు వచ్చే ఆడవాళ్ళు చేతులకు గుడ్డలో తొడుగులో వేసుకుంటారు.

అంజూర పువ్వును ఎవరూ చూడరు. పండు అని మనం అనుకునేది లోపలికి ముడుచుకున్న పూగుత్తి. పండును నిలువునా కోస్తే గోడ చుట్టూ లోపలికి తిరిగి ఉన్న వందల చిన్న పూలు, వాటి గింజలు కనిపిస్తాయి. కింద ఉన్న చిన్న రంధ్రమే లోపలికి దారి. మర్రి, రావి, జువ్వి, మేడి చెట్లన్నీ ఈ కుటుంబమే. మేడిపండు విప్పితే పురుగులు ఉంటాయని తెలుగువాళ్ళలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ పురుగులు నిజానికి చీమ కంటే చిన్న కందిరీగలు. వాటి పిల్లలు పూలలో పెరుగుతాయి, అవే పుప్పొడిని ఒక పండు నుంచి మరో పండుకు మోస్తాయి. కందిరీగ లేకపోతే మేడికి విత్తనం లేదు, మేడి లేకపోతే ఆ కందిరీగకు నిలువ నీడ లేదు.

అంజూరలోనూ ఇలాంటి రకాలున్నాయి. టర్కీలోని స్మిర్నా రకానికి కందిరీగ వచ్చి పుప్పొడి అందిస్తేనే కాయ నిలుస్తుంది. 1880లలో ఆ మొక్కలను కాలిఫోర్నియాకు తీసుకువెళ్ళిన రైతులు ఏళ్ళ తరబడి పిందెలన్నీ రాలిపోవడం చూశారు. 1899లో కందిరీగను కూడా తెచ్చి నిలబెట్టాకే అక్కడ పంట చేతికందింది. పురందర్‌లో పండే పూనా రకం వేరు. దానికి పరాగసంపర్కం అక్కరలేదు, కందిరీగా రాదు. కనుక పుణె అంజూర తింటే పురుగు తిన్నట్టే అన్న అనుమానానికి చోటు లేదు. ఇలా పుప్పొడి లేకుండా కాసే అంజూర మనిషికి చాలా పాత నేస్తం. జోర్డాన్ లోయలో గిల్గాల్ అనే చోట దొరికిన మాడిన పండ్లు పదకొండు వేల నాలుగు వందల ఏళ్ళ నాటివని, అవి ఈ జాతికే చెందుతాయని 2006లో పరిశోధకులు ప్రకటించారు. గింజతో మొలకెత్తని చెట్టును మనిషే కొమ్మ నాటి పెంచి ఉండాలి. అంటే గోధుమ, బార్లీ పొలాలు పూర్తిగా స్థిరపడక ముందే ఎవరో అంజూర కొమ్మను భూమిలో గుచ్చారన్నమాట.

పురందర్ రైతు చేతిలో ఉన్న అసలు పనిముట్టు కత్తెర. అంజూర కొత్త చిగురు మీదే కాస్తుంది. చిగురు ఎప్పుడు రావాలో నిర్ణయించేది కత్తిరింపు, కనుక పండు ఎప్పుడు రావాలో నిర్ణయించేది కూడా అదే. ఇక్కడ ఏడాదికి రెండు కాపులు. మే, జూన్ నెలల్లో కత్తిరిస్తే వానల తర్వాత పండు వస్తుంది. దాన్ని ఖట్టా బహార్ అంటారు. పేరుకు తగ్గట్టే తీపి తక్కువ, పులుపు ఎక్కువ, వానకు పండు పగలడమూ ఎక్కువే. వానాకాలం చివర నీళ్ళు ఆపి చెట్టుకు విశ్రాంతి ఇచ్చి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కత్తిరిస్తే చలిలో కాయ ఊరి, ఎండ ముదిరే కొద్దీ తీపి ఎక్కుతుంది. ఇది మీఠా బహార్. కత్తిరించిన నాటి నుంచి పండు చేతికి రావడానికి నాలుగు నెలలు పైనే పడుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా దివే ఘాట్ పైన రోడ్డు పొడవునా అమ్మేవాళ్ళు బుట్టలు పెట్టుకుని కూర్చునేది ఈ మీఠా బహార్ పండ్లతోనే. ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ఆ నెలల్లో వెళ్ళడమే మేలు.

కోత తెల్లవారుజామున మొదలవుతుంది. పండు మెడ వంచి, రంగు తిరిగి, వేలితో తాకితే మెత్తగా ఉండాలి. పచ్చిగా కోస్తే తర్వాత తీపి ఎక్కదు, ఒక్క రోజు ఆలస్యం చేస్తే పక్షులు వదలవు. కోసిన పండు మామూలు వేడిలో రెండు మూడు రోజులకు మించి నిలవదు. అందుకే పుణె, ముంబై మార్కెట్లను దాటి తాజా అంజూర పెద్దగా ప్రయాణం చేయలేదు. మన ఊళ్ళలో దారానికి గుచ్చి అమ్మే ఎండు అంజూర చాలావరకు అఫ్గానిస్తాన్ నుంచి వస్తుంది. పూనా రకం ఎండబెట్టడానికి అంత బాగుండదు, అది తాజాగా తినవలసిన పండు.

ఇప్పుడు తెగుళ్ళు, పురుగుల సంగతి. అంజూరకు పెద్ద బెడద తుప్పు తెగులు. వానలు, తేమ ఉన్న రోజుల్లో ఆకు పైన చిన్న పసుపు మచ్చలు కనిపిస్తాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు పొక్కులు, వేలు రాస్తే తుప్పు పొడి అంటుతుంది. ఆకులు రాలిపోతే కాయ ఎదగదు. దీనికి పాత మందు బోర్డో మిశ్రమం. 1880లలో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల్లో పుట్టింది. కిలో మైలుతుత్తం యాభై లీటర్ల నీళ్ళలో, కిలో సున్నం మరో యాభై లీటర్లలో విడివిడిగా కరిగించి, ప్లాస్టిక్ డ్రమ్ములో రెండింటినీ ఒకేసారి పోస్తూ కలుపుతారు. తర్వాత మెరుగు పెట్టిన ఇనుప కత్తిని అందులో ముంచి తీస్తారు. కత్తి మీద రాగి రంగు పేరుకుంటే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త కలపాలి. ఇది కత్తిరింపు అయిన వెంటనే, కాయ లేనప్పుడు చల్లే మందు. కాయ దిగాక చల్లితే పండు మీద నీలి మచ్చలు మిగిలిపోతాయి.

పురుగుల్లో కాండం తొలిచే పెంకుపురుగు చెట్టునే చంపగలదు. ఇది మామిడికీ శత్రువే. తల్లి పురుగు బెరడు కొరికి గుడ్డు పెడుతుంది, పిల్ల కాండం లోపలికి సొరంగం తవ్వుకుంటూ నెలల తరబడి తింటుంది. మొదలు దగ్గర రంపపు పొట్టు ముద్దలుగా కనిపిస్తే రంధ్రం వెతికి, ఇనుప తీగ దూర్చి పురుగును చంపి, పెట్రోలులో తడిపిన దూది కుక్కి బంకమట్టితో మూసేయాలి. ఆలస్యమైతే కొమ్మ ఒక్క గాలికి విరిగిపడుతుంది. పిండినల్లి, పొలుసు పురుగు, వేరు కణుపుల్లో చేరే నులిపురుగులు కూడా వస్తాయి కానీ బలమైన చెట్టు వాటిని చాలావరకు ఓర్చుకుంటుంది.

అంజూరను తొక్కతోనే తింటారు. కోత మొదలైతే రోజు విడిచి రోజు, రెండు మూడు నెలల పాటు సాగుతుంది. పురుగుమందు చల్లాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ గడువు ఈ కోతల మధ్య ఇమడదు. చల్లితే పండు పారబోయాలి, లేదా విషంతో సహా అమ్మాలి. కనుక మంచి అంజూర రైతు పనంతా కాయ దిగకముందే అయిపోతుంది. కత్తిరింపు, రాలిన ఆకులు ఏరి తగలబెట్టడం, బెరడుకు మైలుతుత్తం, సున్నం పూత, మొదళ్ళు పరీక్షించడం. తోట పక్కనే కూరగాయలు వేసే రైతు ఎదుర్కొనే చిక్కు కూడా సరిగ్గా ఇదే. బెండ రోజు విడిచి రోజు తెగుతుంది. వంకాయ నాలుగైదు రోజులకు, టమాటా వారానికి రెండుసార్లు. కూరగాయల సాగులో విషం మన కంచాల దాకా వచ్చే ప్రధాన దారి ఇదే. ఎంత మందు అన్నదానికంటే ఎప్పుడు చల్లారన్నది ముందు అడగాలి.

సాస్వడ్ చుట్టూ ఉన్న పొలాల్లో బఠాణీ, టమాటా, వంగ, క్యాబేజీ, బంతి ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. బంతి పూలకు జెజురి దగ్గరే. అక్కడి ఖండోబా కొండ మీద పసుపు ఎగరేసే భక్తులకు పూలు ఏడాది పొడవునా కావాలి. మన కొమురవెల్లి మల్లన్న, కన్నడిగుల మైలారుడు, ఈ ఖండోబా ఒకే దేవుడి రూపాలని భక్తులు నమ్ముతారు. బంతికి పొలంలో ఇంకో పని ఉంది. టమాటా కాయ తొలిచే శనగపచ్చ పురుగు తల్లికి టమాటా కంటే బంతిపువ్వు ఇష్టం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని లెక్కగట్టి, పదహారు వరుసల టమాటాకు ఒక వరుస ఆఫ్రికన్ బంతి వేయమన్నారు. రెండూ ఒకేసారి పూతకు రావాలి కనుక నాటే రోజున బంతి నారు నలభై రోజులది, టమాటా నారు పాతిక రోజులది ఉండాలి. తేదీలు తప్పితే బంతి అందానికి తప్ప పనికి రాదు. క్యాబేజీకి ఇలాగే పాతిక వరుసలకు రెండు వరుసల ఆవాలు. డైమండ్ రెక్కల పురుగు ఆవాల మీద వాలుతుంది, అక్కడే దాన్ని చంపవచ్చు. ఈ పురుగును మందుతో గెలవడం కష్టమని 1953లోనే తేలింది. పంటల పురుగుల్లో డీడీటీకి లొంగడం మానేసిన మొదటిది ఇదే, జావా దీవిలో.

టమాటాకు మరో శత్రువు కొత్తగా వచ్చింది, అదీ ఈ పుణె ప్రాంతం నుంచే. ట్యూటా అని రైతులు పిలిచే దక్షిణ అమెరికా రెక్కల పురుగు 2006లో స్పెయిన్ చేరి, 2014లో మన దేశంలో మొదట పుణె దగ్గర టమాటా తోటల్లో బయటపడింది. కొద్ది కాలంలోనే దక్షిణాది టమాటా పొలాలన్నిటికీ పాకింది. ఆకు రెండు పొరల మధ్య దూరి పచ్చదనం తినేస్తుంది, ఆకు కాగితంలా ఎండుతుంది. కాయ మీద గుండుసూది గుచ్చినంత రంధ్రం ఉంటుంది, కోసేదాకా లోపలి కుళ్ళు తెలియదు. ఆకు లోపల ఉన్న పురుగుకు పైన చల్లిన మందు తగలడం కష్టం. అందుకే మగ రెక్కల పురుగులను లాగే లింగాకర్షక బుట్టలు, పాడైన ఆకులు ఏరి నాశనం చేయడం ముందు వరుసలో ఉండాలి.

వంగ పొలంలో కాసేపు నిలబడితే ఈ పాఠం కళ్ళకు కడుతుంది. పచ్చగా ఉన్న మొక్కలో ఒక్క చిగురు మాత్రం తల వాల్చి ఉంటుంది. నీరు అందక కాదు. దాన్ని తుంచి గోటితో చీలిస్తే లోపల గులాబి రంగు పురుగు, దాని వెనక నల్లటి రెట్ట. గుడ్డు పగిలిన కొద్ది గంటల్లోనే పిల్ల చిగురులోకి దూరిపోతుంది, అక్కడి నుంచి పైన ఏ మందు కురిసినా దానికి పట్టదు. రైతు వారానికి రెండుసార్లు చల్లి కూడా పుచ్చువంకాయలు కోసేది ఇందుకే. చేయవలసింది వారానికోసారి పొలమంతా తిరిగి వాలిన చిగుళ్ళను అంగుళం కిందికి తుంచి తగలబెట్టడం, లింగాకర్షక బుట్టలు కట్టడం, పోయిన పంట మోళ్ళను కొత్త నారు దగ్గర కుప్ప పోయకపోవడం. ఆ కుప్పల్లోని కోశాల నుంచే కొత్త తరం లేస్తుంది. ఇరుగుపొరుగు రైతులందరూ కలిసి చేస్తేనే ఇది పూర్తిగా పనిచేస్తుంది. ఈ ఒక్క పురుగు కోసమే మహారాష్ట్రలోని జాల్నా విత్తన కంపెనీ బీటీ వంగను తయారుచేసింది. బహిరంగ విచారణల తర్వాత 2010 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆపింది. బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది.

రసం పీల్చే పురుగులు మరో తెగ. పేనుబంక, తెల్లదోమ, పచ్చదోమ, తామర పురుగులు ఆకు అడుగున ఉంటాయి కనుక పైనుంచి చూసేవాళ్ళకు కనపడవు. బెండలో ఆకు ఈనెలు పసుపు పచ్చగా మారాయంటే తెల్లదోమ వైరస్‌ను తెచ్చి వెళ్ళిపోయిందని అర్థం. ఆ మొక్క ఇక బాగుపడదు, పీకేయడమే. పసుపు రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తులో కడితే దోమ ఎంత ఉందో తెలుస్తుంది, కొంత తగ్గుతుంది కూడా. పేనుబంక ఉన్నచోట ఎర్ర అక్షింతల పురుగులు కనిపిస్తే మందు చల్లకుండా ఓ వారం ఆగడం మంచిది. అవి, వాటి నల్లని ముళ్ళ పిల్లలు పేనుబంకనే తింటాయి. వంగ ఆకును జల్లెడ చేసే అక్షింతల పురుగు రంగు మసకగా, ఒంటి మీద నూగుతో ఉంటుంది. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగిన ఇంట్లో సగం మందు ఖర్చు మిగులుతుంది.

కాయ ఉన్న రోజుల్లోనూ చల్లదగిన వాటిలో అన్నిటికంటే నమ్మదగినది వేప గింజల కషాయం. 1962లో ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్, ఆయన సహచరులు వేప పప్పు చల్లిన ఆకును మిడతలు ఆకలితో ఉండీ ముట్టలేదని చూపించారు. 1968లో అందులోని అజాడిరాక్టిన్‌ను వేరుచేశారు. ఇది పురుగును అక్కడికక్కడ చంపదు. తినకుండా చేస్తుంది, చర్మం మార్చుకోనివ్వదు. చల్లిన మర్నాడు పురుగు బతికే ఉందని నిరాశపడేవాళ్ళు దీని పనితీరు తెలియనివాళ్ళు. ఐదు కిలోల ఎండు వేప గింజల పొడిని గుడ్డలో మూటగట్టి పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న మూటను పాలలా తెల్లటి రసం వచ్చేదాకా పిసికి, వడగట్టి, వంద లీటర్లు చేసి, కాస్త సబ్బు కలిపితే ఎకరా కూరగాయలకు ఒక దఫా సిద్ధం. కుండీల తోటకైతే లీటరుకు యాభై గ్రాముల పొడి. ఎండకు దీని బలం పోతుంది కనుక సాయంత్రమే చల్లాలి, అదీ ఆకు అడుగున తడిసేలా. పాత గింజ, బూజు పట్టిన గింజ పనికిరావు.

సాస్వడ్ దగ్గరి జాధవ్‌వాడిలో మహాత్మా ఫులే వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అంజూర, సీతాఫల పరిశోధన కేంద్రం ఉంది. ఫులే రాజేవాడి అనే అంజూర రకం ఇక్కడి నుంచే వచ్చింది. అక్కడి నుంచి జెజురి, మోర్‌గావ్ మీదుగా దౌండ్ చేరితే దక్షిణాదికి రైలు దొరుకుతుంది. సోలాపూర్, వాడి, రాయచూరు, ఆదోని దాటి గుంతకల్లు. కిటికీలోంచి కనిపించే నేల పురందర్‌కు చుట్టంలాంటిదే, వాన తక్కువ, ఎండ ఎక్కువ. బళ్ళారి చుట్టుపక్కల, అనంతపురం జిల్లాలో కూడా అంజూర తోటలున్నాయి. ఇక్కడ ఎక్కువగా కనిపించేది డయానా రకం. పండు పూనా కంటే పెద్దది, ఎండబెట్టడానికీ పనికొస్తుంది. బొట్టు బొట్టుగా నీరిచ్చే డ్రిప్పు లేకుండా ఈ జిల్లాలో ఏ పండ్లతోటా నిలవదు. నీరు ఒక్కసారి ఎండగట్టి ఒక్కసారి ముంచెత్తితే అంజూర పండు పగులుతుంది కనుక ఆ డ్రిప్పు పండు నాణ్యతకూ కాపలా.

పురుగుమందు లేని సాగుకు తెలుగునాట పేరున్న ఊళ్ళున్నాయి. ఖమ్మం వైపు పునుకుల, జనగామ వైపు ఏనెబావి పత్తిలో, వరిలో, కూరగాయల్లో రసాయన పురుగుమందులను 2000ల దశకంలోనే మానేశాయి. ఎర పంటలు, వేప కషాయం, బుట్టలు, రోజూ పొలం తిరగడం వాళ్ళ ఆయుధాలు. కొత్తగా కనిపెట్టింది తక్కువ. ఊరంతా ఒకే మాట మీద నిలబడడమే వాళ్ళ గెలుపు.

పెరట్లోనో మేడ మీదనో అంజూర పెంచదలచినవారికి కావలసింది రోజంతా ఎండ, నీరు నిలవని కుండీ, పిడికెడు సున్నం, ఏడాదికోసారి ధైర్యంగా కత్తిరించే చెయ్యి. పండు రంగు తిరిగే రోజుల్లో పలచని గుడ్డసంచి తొడిగితే బుల్బుల్ పిట్టలు చేరవు. పందిరి మీది బీర, కాకరకు పిందె దశలోనే కాగితపు సంచి కడితే పండు ఈగ గుడ్డు పెట్టలేదు. పుచ్చిన కాయలను చెత్తలో వేయక అడుగు లోతున పూడ్చాలి, లేకపోతే ఈగలు అక్కడి నుంచే తిరిగి వస్తాయి. వారానికి రెండుసార్లు ప్రతి ఆకునూ తిప్పి అడుగు చూడండి. అయినా మందు తప్పనిసరైతే కోతకు వచ్చిన కాయలన్నీ ముందే కోసుకుని, సాయంత్రం చల్లి, డబ్బా మీది గడువు నిండేదాకా ఆ మొక్క జోలికి వెళ్ళకండి.